తలకిందుల ‘క’

ఆ రోజు పొద్దున ఏడు గంటలకు ఇంజనీరమ్మ ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించింది. తొమ్మిదికి ల్యాబ్. పదికి ఆఖరిసారి సరిచూసుకోవడం. పదకొండుకు తనిఖీ మేడమ్ రాక. పన్నెండుకు సంతకం. మొత్తం నాలుగంటే నాలుగే వరుసలు. ఇంత పొట్టి ప్లానులో తేడా రావడానికి చోటెక్కడుందని ఆమె ధీమా. ఇంట్లో ఆమె కోడలు, ల్యాబ్‌లో ఇంజనీరు. చోటు మారినప్పుడల్లా పిలుపు మార్చి మనం తికమక పడడం ఎందుకు, రెండు చోట్లా ఇంజనీరమ్మ అనే అనుకుందాం.

మామగారు అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో సిద్ధంగా కూర్చున్నారు. నలభై ఏళ్ళ పాటు దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. ఆరేళ్ళుగా చూపు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు కిటికీ ఎటుందో మాత్రం తెలుస్తుంది, కిటికీ దగ్గర ఎవరున్నారో తెలియదు. గడ్డం మాత్రం ఇప్పటికీ తడుముకుంటూ తనే గీసుకుంటారు. ఎడమ దవడ కింద రోజూ ఒక చార మిగిలిపోతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఆయనకు చెప్పరు.

"అమ్మాయ్, ఆవిడ నన్నేమైనా అడుగుతుందా?"

"ఊరికే పలకరిస్తారు మామయ్యా. మీరు కంగారు పడకండి."

"నాకెందుకు కంగారు? కంగారంతా నీ మొహంలోనే ఉంది."

"నా మొహం మీకు కనిపించదు కదా!"

"చెంచా చప్పుడు వినిపిస్తోందిగా. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది, నువ్వింకా టీ కలుపుతూనే ఉన్నావు."

ఇంజనీరమ్మ చెంచా పక్కన పెట్టేసింది. ఆమె కంగారుకు కారణం ఉంది. వాళ్ళ ల్యాబ్‌లో తయారవుతున్నది కృత్రిమ రెటీనా. చిటికెన వేలి గోరులో సగం ఉండే పలక. కంటి వెనక గోడకు అమరిస్తే, మీద పడిన వెలుగును సన్నటి కరెంటుగా మార్చి, లోపల ఇంకా బతికున్న నరాలకు అందిస్తుంది. దానితో సినిమా చూసేంత చూపు రాదు. గుమ్మం ఎక్కడుంది, మనిషి ఎటునుంచి వస్తున్నాడు, జానెడు అక్షరమైతే అది ఏ అక్షరం, అంతవరకే. ముందుగా ఐదుగురికి అమర్చాలని ఆసుపత్రి వాళ్ళు వేసిన జాబితాలో మామగారి పేరు మొదట ఉంది. ఆ ఎంపికలో కోడలి ప్రమేయం ఏమీ లేదని రాసిచ్చిన కాగితాలే పదిహేను. కానీ తనిఖీ మేడమ్ సంతకం లేనిదే ఏ కాగితమూ కదలదు. ఈ రోజు సంతకం పడకపోతే మళ్ళీ తనిఖీ ఏడాది తరవాతే. మామగారి కంట్లో నరాలు ఇప్పటికైతే బతికే ఉన్నాయి, ఏడాది తరవాత మాట నేను చెప్పలేను అని డాక్టరు మొన్ననే అన్నాడు. ఆ మాట ఇంజనీరమ్మ ఫ్రిజ్ మీద రాయలేదు గాని, వారం రోజులుగా ఆమె కంటిమీద కునుకు లేనిది దాని మూలానే.

"ఒక్క సంగతి చెప్పు అమ్మాయ్," అన్నారు మామగారు టీ అందుకుంటూ. "కంట్లో పెట్టకుండానే అది చూస్తోందని మీకెలా తెలుస్తుంది? అడిగితే చెప్పడానికి దానికి నోరు లేదుగా."

"దాని వెనక సెన్సర్ చిప్పు పెడతాం మామయ్యా. నరాలు ఉండాల్సిన చోట అది ఉంటుంది. రెటీనా ఎక్కడెక్కడ ఎంత కరెంటు పంపిందో చుక్క చుక్కా రాసి కంప్యూటరుకు ఇస్తుంది. ఆ చుక్కలన్నీ కలిస్తే స్క్రీన్ మీద బొమ్మ. రెటీనా ఏం చూసిందో మనకు తెలిసిపోతుంది."

"బొమ్మ తలకిందులుగా వస్తుందన్నావు మొన్న?"

"అలాగే రావాలి. కంటి ముందుండే లెన్సు బొమ్మను తిప్పేస్తుంది. మీ కంట్లోనైనా నా కంట్లోనైనా రెటీనా మీద పడేది తలకిందుల బొమ్మే. దాన్ని తిన్నగా చేసుకునేది మెదడు. చిప్పుకు మెదడు లేదుగా, అది తలకిందులుగా చూపిస్తేనే నిజం చెప్తున్నట్టు."

"అది ఎలాగైనా చూపించుకోనీ. నేను కోసిచ్చిన అక్షరం మాత్రం అట్ట మీద తిన్నగా ఉండాలి. బోర్లా వేలాడదీశారో, ఊరుకోను."

పరీక్షకు వాడే అక్షరం ఆయన చేతిదే. నల్ల కాగితాన్ని వేళ్ళతో కొలుచుకుంటూ జానెడు ఎత్తున ‘క’ కోసి, తెల్లటి అట్ట మీద అంటించి ఇచ్చారు. తలకట్టు దగ్గర వంపు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అయిందేమోనని ఆయనకు ఇంకా అనుమానమే.

ల్యాబ్‌లో పరీక్ష గది రెండు సగాలు. మధ్యలో నల్ల తెర. తెర లోపల బల్ల మీద నల్ల పెట్టె, పెట్టెకు ముందు లెన్సు, దాని వెనక గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో రెటీనా, రెటీనాకు వీపు ఆనించి సెన్సర్ చిప్పు. పెట్టెకు ఎదురుగా స్టాండు, స్టాండు మీద ‘క’ అట్ట, అట్ట మీదికి ఒక చిన్న దీపం. తెర బయట కంప్యూటరు, గోడకు పెద్ద స్క్రీన్. లోపలున్న వాళ్ళు తెర సందులోంచి స్క్రీన్ చూడగలరు. బయటున్న వాళ్ళకు అట్ట కనిపించదు. ఈ ఏర్పాటును మనం గుర్తు పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే ఆ రోజు గుర్తు పెట్టుకోవలసిన వాళ్ళెవరూ పెట్టుకోలేదు.

తొమ్మిదింటికి ఇంజనీరమ్మ మామగారిని వరండాలో కూర్చోబెట్టి, లోపలికి వచ్చి అన్నీ ఆన్ చేసింది. అట్ట తిన్నగా ఉంది. స్క్రీన్ మీద వెలుగు చుక్కల మధ్య నల్లటి ‘క’ తలకిందులుగా, తలకట్టు అడుగున పెట్టుకుని, ముచ్చటగా నిలబడింది. ఆమె మనసు కుదుటపడి, కాగితాలు ప్రింటు తీసుకోవడానికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే డైరెక్టరుగారు ఇటు వచ్చారు. ఆయన మంచివారు. నీటి పంపుల పరిశోధన చూసుకుంటూ ఉండగా ప్రమోషన్ వచ్చి కళ్ళ వైపు బదిలీ అయ్యారు. బొమ్మ ఎందుకు తలకిందులుగా వస్తుందో ఇంజనీరమ్మ అందరికీ వివరించిన మీటింగులో ఆయన కారిడార్లో ఫోన్ మాట్లాడుకుంటున్నారు. పైగా చేరిన కొత్తలో, ఈ రెటీనాకు నెలకెన్ని సార్లు ఆయిల్ వెయ్యాలని అడిగి అందరి ముందూ నవ్వులపాలయ్యారు. ఇక జన్మలో ప్రశ్నలు అడగకూడదు, ఆర్డర్లు మాత్రమే వెయ్యాలి అని అప్పుడే ఒట్టు పెట్టుకున్నారు.

స్క్రీన్ చూడగానే ఆయన గబగబా కంప్యూటరు వైపు నడిచారు.

కంప్యూటరు ముందు ప్రోగ్రామరు ఉన్నాడు. చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. ఎవరేం చెప్పినా చేసేస్తాడు, చేసిన టైము ఒక ఫైల్లో రాసుకుంటాడు, ఎందుకని మాత్రం అడగడు. డైరెక్టరుగారు అతని భుజం తట్టారు.

"ఏమయ్యా, ఏమిటిది? అక్షరం బోర్లా పడింది!"

"అలాగే వస్తోంది సార్."

"వస్తే రానివ్వడమేనా? కాసేపట్లో మేడమ్ వస్తుంటే! స్క్రీన్ మీద బొమ్మ తిప్పలేవూ?"

"ఒక్క నొక్కు సార్."

"నొక్కు మరి. ఆ అమ్మాయితో అనకు. పాపం, ఇప్పటికే టెన్షన్లో ఉంది."

ప్రోగ్రామరు నొక్కాడు. ‘క’ పల్టీ కొట్టి తిన్నగా నిలబడింది. టైము తొమ్మిదీ ఇరవై అని రాసుకున్నాడు. ల్యాబ్ పరువు నిలబెట్టిన తృప్తితో డైరెక్టరుగారు తన గదికి వెళ్ళిపోయారు.

మరో ఇరవై నిమిషాలకు టేపు బాబాయి వేడి ఉప్పునీళ్ళ సీసాతో వచ్చాడు. ల్యాబ్‌లో టెక్నీషియన్లందరిలోకీ పాతవాడు. ఏం విరిగినా, ఏం ఊడినా, ఏం వదులైనా ఆయన దగ్గర మందు ఒకటే, నల్ల టేపు. అందుకే ఆ పేరు. నీళ్ళు మార్చి తెర సందులోంచి స్క్రీన్ వైపు చూశాడు. ‘క’ తిన్నగా ఉంది! బొమ్మ తలకిందులుగా ఉంటేనే సరి అని ఇంజనీరమ్మ ఆయనకు వంద సార్లు చెప్పింది. అట్ట చూశాడు. అదీ తిన్నగానే ఉంది. ఒక్క నిమిషం బుర్ర గోక్కున్నాడు. అట్ట సంగతి ఆయనకెవరూ చెప్పలేదు, చెప్పింది స్క్రీన్ సంగతి. కాబట్టి అట్టను తలకిందులుగా తిప్పి, రెండు మూలలా టేపు వేశాడు. స్క్రీన్ మీద ‘క’ కూడా తిరిగింది. ఇంత చిన్న విషయానికి ఆ పిల్లను కంగారు పెట్టడం ఎందుకని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

పదింటికి ఇంజనీరమ్మ వచ్చి గుమ్మంలోంచే స్క్రీన్ చూసింది. తలకట్టు అడుగున ఉంది. తన చేత్తో తను పెట్టిన అట్టను మళ్ళీ తొంగి చూడవలసిన పని ఏముంది? ఫ్రిజ్ మీది ప్లానులో రెండో వరుసను మనసులోనే కొట్టేసింది.

పదీ ఇరవైకి డైరెక్టరుగారు ఎందుకైనా మంచిదని తలుపు సందులోంచి ఒకసారి తొంగి చూశారు. చూసి, ప్రోగ్రామరును వేలితో బయటికి పిలిచారు.

"నొక్కమన్నానా లేదా?"

"నొక్కాను సార్. టైము కూడా రాశాను."

"మరి మళ్ళీ బోర్లా ఎందుకు పడింది?"

"తెలీదు సార్."

"తెలీకపోతే మళ్ళీ నొక్కు!"

మళ్ళీ నొక్కాడు. ‘క’ మళ్ళీ లేచి నిలబడింది. డైరెక్టరుగారు టై సరిచేసుకుని మేడమ్‌కు ఎదురెళ్ళడానికి గేటు దగ్గరికి నడిచారు. అప్పటికే ఇంజనీరమ్మ అక్కడ నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. అసలు సంగతి ఒక్కటే చెప్పుకోలేదు.

ఈలోగా బాబాయి వరండాలోంచి మామగారిని తీసుకొచ్చి తెర లోపల కుర్చీలో కూర్చోబెట్టాడు. వెలుతురు ఎక్కువగా ఉంటే ఆయన కళ్ళు మండుతాయి. "కదలకండి పెద్దాయనా, నీళ్ళు వేడి చేసుకొస్తా," అని వెళ్ళాడు. మామగారు కదలలేదు. చెయ్యి ఒక్కటే కదిలింది. పక్కనే స్టాండు, స్టాండు మీద తన అక్షరం. ముద్దుగా తడిమారు. పైన తలకట్టు ఉండవలసిన చోట పొట్ట తగిలింది. మళ్ళీ తడిమారు. తలకట్టు అడుగున ఉంది. నలభై ఏళ్ళలో ఆయన చేతి అక్షరం ఏ గోడ మీదా బోర్లా వేలాడలేదు. ఒళ్ళు మండిపోయింది. గోటితో టేపు ఊడదీసి, అట్ట తిన్నగా తిప్పి, అరచేత్తో గట్టిగా అదిమారు.

ఇప్పుడు అట్ట తిన్నగా ఉంది, స్క్రీన్ మీద బొమ్మ తలకిందులుగా ఉంది. అంటే పొద్దున తొమ్మిదింటికి ఎలా ఉందో అచ్చం అలాగే. ఇంతమంది కలిసి ఇంతసేపు కష్టపడితే పని బయలుదేరిన చోటికే వచ్చి చేరింది. ఇక్కడితో అందరూ చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోను.

తనిఖీ మేడమ్ సరిగ్గా పదకొండుకు వచ్చారు. పొట్టి మనిషి, సన్నటి కళ్ళద్దాలు, చేతిలో చిన్న డైరీ. నవ్వితే ఎవరైనా దాన్ని సిఫారసుగా వాడుకుంటారేమోనని భయపడుతున్నట్టు పెదాలు బిగించుకుని ఉంటారు. టీ వద్దన్నారు. డైరెక్టరుగారు మొదలుపెట్టబోయిన స్వాగత వాక్యాలు వద్దన్నారు. తెర లోపలికి తొంగి చూసి మామగారికి నమస్కారం చెప్పి, "మీతో తరవాత మాట్లాడతానండీ," అని వచ్చి స్క్రీన్ ముందు కూర్చున్నారు. "చూపించండి," అన్నారు.

ఇంజనీరమ్మ స్క్రీన్‌కు వీపు పెట్టి, మేడమ్‌కు ఎదురుగా నిలబడింది.

"మేడమ్, బొమ్మ తలకిందులుగా ఉందేమిటని అనుకోకండి. అలాగే ఉండాలి. నిజం కంట్లో కూడా..."

వెనక నిలబడ్డ డైరెక్టరుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. జరిగిన తప్పును ఈ పిల్ల ఎంత చాకచక్యంగా కప్పిపుచ్చుతోంది! ఇంతటి మనిషికి ఆ మాత్రం సాయం చెయ్యకపోతే డైరెక్టరుగా తను ఉండి ఎందుకు? ఫైలు చాటునుంచి ప్రోగ్రామరుకు సైగ చేశారు. టైము పదకొండూ పది.

"...అందుకే తలకట్టు కింద కనిపిస్తోంది, చూడండి," అని ఇంజనీరమ్మ వెనక్కి తిరిగింది.

"తలకట్టు పైనే ఉందే," అన్నారు మేడమ్.

ఇంజనీరమ్మ స్క్రీన్ దగ్గరికి వంగి చూసింది. అప్పటికే నీళ్ళతో లోపలికి తిరిగొచ్చిన బాబాయి కూడా తెర సందులోంచి చూశాడు, టేపు ఊడిందనుకుని నాలిక కరుచుకున్నాడు. చడీ చప్పుడు లేకుండా అట్ట తిప్పి, టేపు వేసి, ఇంజనీరమ్మకు అభయమివ్వడానికి తెర బయటికి వచ్చి బొటనవేలు ఎత్తి చూపించాడు.

"ఇప్పుడు కిందికొచ్చింది," అన్నారు మేడమ్, డైరీలో ఏదో రాసుకుంటూ. "ఎందుకొచ్చింది?"

"ఒక్క నిమిషం మేడమ్... నీళ్ళ వేడిలో తేడా ఏమైనా..."

డైరెక్టరుగారు సైగ చేశారు. ‘క’ లేచింది. మేడమ్ రాసుకున్నారు. తెర లోపల మామగారి చెవికి ఇందాకే టేపు చప్పుడు వినిపించింది. వేళ్ళతో అట్ట వెతుక్కున్నారు. తలకట్టు మళ్ళీ అడుగున! ఈ ల్యాబ్‌లో అక్షరాలంటే బొత్తిగా గౌరవం లేదని పళ్ళు కొరుక్కుంటూ అట్టను మళ్ళీ తిన్నగా తిప్పారు. స్క్రీన్ మీద ‘క’ పడింది. డైరెక్టరుగారు మళ్ళీ సైగ చేశారు. ‘క’ లేచింది. మేడమ్ కలం ఆగడం లేదు.

ఇంజనీరమ్మకు చిప్పు మీదే అనుమానం వచ్చింది. చిప్పు వదులైందా? లోపలికి నీళ్ళు దిగాయా? ఈ రోజు ఇలా నోటికొచ్చినట్టు చెప్తున్న చిప్పు, రెండేళ్ళుగా చెప్పినదాంట్లో నిజమెంత?

ఇక లాభం లేదు, తనే రంగంలోకి దిగాలి అనుకున్నారు డైరెక్టరుగారు. "చూశారా మేడమ్, అక్షరం ఎంత తిన్నగా ఉందో!"

మేడమ్ తల ఎత్తారు. "తిన్నగా ఎందుకుంది?"

"తిన్నగా... ఉండకూడదా?"

ఇంజనీరమ్మ ఆయన వైపు తిరిగి చూసింది. డైరెక్టరుగారికి చేరవలసిన సమాచారం ఆ చూపులోంచి నెమ్మదిగా చేరింది. "సున్నా పెట్టుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు," అని గొణిగి, ఫైలుతో మొహం విసురుకోవడం మొదలుపెట్టారు.

ఇంజనీరమ్మ సంతకం కాగితాల వైపు ఒకసారి, నల్ల తెర వైపు ఒకసారి చూసింది. ఒక్క అబద్ధం ఆడితే చాలు. స్క్రీన్ సరిగ్గా లేదనో, వైరు కదిలిందనో చెప్పి, తలకిందులుగా వచ్చిన క్షణాన ఆపేసి చూపిస్తే సరిపోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పలక పెట్టబోయేది మనిషి కంట్లో.

"మేడమ్, సంతకం పెట్టకండి," అంది. "పొద్దున బాగానే ఉంది. ఇప్పుడు ఇలా ఎందుకు చేస్తోందో నాకు తెలియడం లేదు. తెలియనిదాన్ని ఎవరి కంట్లోనూ పెట్టలేను."

తెర లోపలే ఉన్న మామయ్య విన్నారని ఆమెకు తెలుసు. ఏడాది అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది, పెదవి కొరికి ఆపుకుంది.

తెర కదిలింది. మామగారు దాన్ని పట్టుకుని బయటికి వచ్చారు.

"అమ్మాయ్, నువ్వు చెప్పింది సబబే. తెలియనిది పెట్టొద్దు. కానీ... నీ యంత్రాన్ని ఏమైనా పాడు చేశానేమోనమ్మా. ఆ అట్ట నేను తిప్పాను."

"మీరు తిప్పారా!" బాబాయి అదిరిపడ్డాడు. "తిప్పింది నేను కదండీ!"

"నువ్వా? నా అక్షరాన్ని బోర్లా పెట్టింది నువ్వా? నీకేం పోయేకాలమయ్యా?"

"స్క్రీన్ తిన్నగా ఉంటే తిప్పనా మరి?"

"ఎన్ని సార్లు తిప్పావు?"

"రెండు. మీరు?"

"నేనూ రెండే. నువ్వు పెట్టిన ప్రతిసారీ."

ప్రోగ్రామరు హెడ్‌ఫోన్లు తీశాడు. అది చూడడం అక్కడ చాలామందికి మొదటిసారి. "నేను ఐదు సార్లు తిప్పాను. సార్ చెప్పారు."

అందరూ డైరెక్టరుగారి వైపు తిరిగారు. ఆయన టై చివరను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"పరువు పోతుందని..." అన్నారు చివరికి. "చెప్పమ్మా, నా మీద కోపమేం లేదుగా?"

ఇంజనీరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముగ్గురినీ వరసగా నిలబెట్టి కడిగెయ్యాలనిపించింది. కానీ మేడమ్ చెయ్యి ఎత్తారు.

"ఎవరెవరు ఎన్ని గంటలకు తిప్పారు?"

బాబాయి గడియారం చూసుకోలేదు. మామగారికి గడియారం కనిపించదు. ప్రోగ్రామరు మాత్రం అన్నాడు, "నేను తిప్పింది స్క్రీన్ మీద బొమ్మనే మేడమ్. చిప్పు పంపించిన అసలు ఫైల్ ముట్టుకోలేదు. తొమ్మిదింటి నుంచి అది రికార్డవుతూనే ఉంది."

"ఆ మాట ఇందాకే చెప్పొచ్చుగా!" అంది ఇంజనీరమ్మ.

"ఎవరూ అడగలేదు."

ఫైల్ పెట్టాడు. తొమ్మిదింటికి ‘క’ తలకిందులుగా ఉంది. తొమ్మిదీ ఇరవైకి డైరెక్టరుగారి మొదటి నొక్కు పడింది, చిప్పు చలించలేదు, అలాగే చూపిస్తోంది. తొమ్మిదీ నలభైకి ఒక పెద్ద నీడ అడ్డం వచ్చి, తప్పుకునే సరికి ‘క’ తిన్నగా ఉంది. "నేనే," అన్నాడు బాబాయి నేల చూపులు చూస్తూ. పదీ ఇరవై నొక్కుకు మళ్ళీ చలనం లేదు. పదీ ముప్ఫై అయిదుకు స్క్రీన్ ఒక పక్కనుంచి నల్లటి చారలు నెమ్మదిగా లోపలికి వచ్చాయి. అక్షరం అంచు పట్టుకుని పాకాయి, తలకట్టు దగ్గర ఆగాయి, వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి.

"అక్కడ ఆపండి," అన్నారు మేడమ్. "ఏమిటవి?"

ఇంజనీరమ్మ స్క్రీన్ దగ్గరికి వెళ్ళింది. రెండేళ్ళుగా ఆమె ఈ చుక్కల్లో గీతలు చూసింది, గళ్ళు చూసింది, అక్షరాలు చూసింది. ఇది ఎప్పుడూ చూడలేదు.

"వేళ్ళు మేడమ్," అంది. "మామయ్యా, మీ చెయ్యి. మీ చెయ్యి కనిపిస్తోంది."

మామగారు తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నారు. "నిజంగా నాదేనా? ఎన్ని వేళ్ళున్నాయి?"

ఇంజనీరమ్మ లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఆమె మొహం వాడిపోయింది. "నాలుగే కనిపిస్తున్నాయి."

"నాలుగే ఉండాలి," అన్నారు మామగారు. "అట్ట పట్టుకున్నాను కదమ్మా. బొటనవేలు అట్ట వెనక ఉంది."

ఆయన తన చేతిని తను చూసుకుని ఎన్నేళ్ళయిందో. ఇంకా తన కంట్లోకి రాని ఆ పలక అప్పుడే దాన్ని చూసేసింది. ఇంజనీరమ్మ ఇందాకటి నుంచి ఆపుకున్నదంతా ఆపుకోలేక కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బాబాయి అలవాటుకొద్దీ జేబులోంచి టేపు తీసి, దానితో చేసేదేమీ లేక మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

మేడమ్ మిగిలిన ఫైల్ కూడా చూసి తన డైరీ తెరిచారు. "నేను వచ్చాక స్క్రీన్ ఐదు సార్లు మారింది. మూడు ఇతను నొక్కినవి, ఇతని ఫైల్లో ఉన్నాయి. రెండు అట్ట తిరిగినవి, చిప్పు ఫైల్లో ఉన్నాయి. నిమిషం తేడా లేదు."

"అంటే..." అంది ఇంజనీరమ్మ.

"ఇదివరకు ఒక చోట ఇలాంటి పరీక్షే చూశాను. స్క్రీన్ మీద అక్షరం ధగధగా మెరిసిపోతోంది. సంతకం పెట్టబోతూ చూసుకుంటే, పరీక్షకని నేను తీసుకెళ్ళిన అక్షరం అట్ట ఇంకా నా సంచిలోనే ఉంది. ఎప్పుడో తీసిన బొమ్మ పెట్టి చూపించారు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా, ఎవరూ చూడకుండా అట్ట ఒకసారి తిప్పుతాను. నిజం చిప్పయితే దానికి తెలియాలి. ఇక్కడ కూడా తిప్పుదామనే వచ్చాను." మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీవాళ్ళు నాకా అవకాశం ఇస్తేగా! అట్ట ఒక్క నిమిషం ఖాళీగా ఉంటేగా!"

డైరెక్టరుగారు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నారు. "మా ల్యాబ్‌లో మేడమ్, అన్నీ మేము ముందే ఆలోచించి..."

"మీరు కూర్చోండి," అన్నారు మేడమ్.

ఆయన కూర్చున్నారు. మేడమ్ మామగారి పక్కకు కుర్చీ జరుపుకుని, ఆయనతో పది నిమిషాలు మాట్లాడారు. ఎక్కువసేపు మాట్లాడింది తలకట్టు వంపు గురించి. తరవాత కాగితాలు తెప్పించుకుని ఏడు చోట్ల సంతకం పెట్టారు. అప్పటికి టైము పన్నెండూ ఐదు. ఆఖరి పేజీలో ‘అభిప్రాయం’ అన్న గడి దగ్గర కాస్త ఆలోచించి, తీరిగ్గా ఇలా రాశారు: "చిప్పు నమ్మదగినది, సిబ్బందిని దానికి దూరంగా ఉంచగలరు."